మా అమ్మాయి జుట్టు, అందరి పేలు

మా అమ్మాయి తలలో మొదటి పేను కనపడ్డప్పుడు మా ఇంట్లో ఎవరూ దాన్ని పేను అనలేదు. మా అత్తగారు కళ్లజోడు తుడుచుకుని చూసి చుండ్రు అని తేల్చారు. అప్పుడే మిల్లు నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలో నుంచే చూసి దూది పోగు అన్నాడు. చుండ్రు నడవదనీ, దూదికి కాళ్లుండవనీ నేను అన్నాను. నాకు నోరెక్కువని తల్లీకొడుకులిద్దరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. నా పెళ్లయ్యాక వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన సంగతి అదొక్కటే కాబట్టి పాడుచేయడం ఎందుకని నేనూ ఊరుకున్నాను. పేలకు కావలసింది సరిగ్గా అదే.

దూది అన్నందుకు మా ఆయన్ని మరీ తప్పుపట్టలేను. ఆయన పనిచేసేది చిలకలూరిపేట దగ్గర పత్తి మిల్లులో. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తలంతా తెల్లగా నెరిసిపోయి ఉంటుంది, స్నానం చేశాక మళ్లీ వయసు తిరిగొస్తుంది. ఇంట్లో ఒకరికి పేలుంటే అందరి తలలూ చూడాలి కదా అని మా అత్తగారు ఒకరోజు ఆయన్ని కూడా ముందు కూర్చోబెట్టుకున్నారు. "ఇది దూది. ఇది ఈరు. ఇదీ దూదే. ఇదేందో... ఏమోరా అబ్బాయ్, నొక్కితేగానీ తెలవదు" అంటూ ఒక్కొక్కటే గోళ్ల మధ్య పెట్టి చూశారు. పేను పెట్టిన గుడ్డు నొక్కితే టప్పుమంటుంది, దూది అనదు. కాసేపటికి ఆవిడకు వేళ్లు నొప్పి పుట్టాయి, ఈయనకు నిద్ర పట్టింది. మా ఆయనకు పేలు ఉన్నాయో లేవో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

అసలు గొడవంతా మా అమ్మాయి జుట్టు గురించి. పిల్ల ఆరో తరగతి చదువుతోంది. జుట్టు నడుం దాటింది. అది ఉన్నది నా కూతురి తల మీదే గానీ, దాని మీద హక్కులన్నీ మా అత్తగారివి. కుంకుడుకాయలు కొట్టేది ఆవిడ, కొబ్బరినూనె కాచేది ఆవిడ, మందారాకు రుబ్బేది ఆవిడ. పొద్దున్నే రెండు జడలు గట్టిగా అల్లి, రిబ్బన్లు కట్టి, బస్సు అందేలా పంపించే పని మాత్రం నాకు వదిలేశారు. ఇంటికి చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు మనవరాలిని పిలిచేవారు. "ఏదమ్మా, ఒక్కసారి అటు తిరుగు" అనేవారు. పిల్ల అటు తిరిగేది. చుట్టాలు ఆహా అనేవారు. ఇక ఇటు తిరగమని ఎవరూ చెప్పేవారు కాదు. కాసేపు గోడను చూసి తనే లోపలికి వెళ్లిపోయేది.

నేను పక్క ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. తల్లులను కూర్చోబెట్టి, పిల్లల తలలు శుభ్రంగా ఉంచండమ్మా, పేలుంటే చదువు తలకెక్కదు అని చెప్పే మహాతల్లిని నేనే. కాబట్టి మా ఇంట్లో పేలున్నాయన్న సంగతి గడప దాటకూడదు. ఈ ఒక్క విషయంలో మా అత్తగారికీ నాకూ ఏ పేచీ లేదు.

గడప దాటకుండా చేసిన వైద్యాలకు మాత్రం లోటు లేదు. వేపనూనె రాశాం. పిల్ల పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినలేకపోయారు, పేలు మాత్రం తిన్నాయి. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాశాం. ఇల్లంతా గుడి వాసన వచ్చిందని మా మావగారు కిటికీలు తెరిచారు. సీతాఫలం గింజలు నూరి పట్టించాలని మా అత్తగారు తయారైతే, అది కంట్లో పడితే కళ్లు పోతాయని నేను అడ్డం పడ్డాను. మందుల షాపులో అమ్మే పేల షాంపూ తెచ్చి రుద్దాను. దానికి చచ్చాయి. తెల్ల కాగితం పరిచి సన్న పళ్ల దువ్వెనతో దువ్వితే రాలాయి కూడా. నేను గెలిచానని రెండు పూటలు సంబరపడ్డాను. మళ్లీ ఆదివారం గడిచి సోమవారం వచ్చేసరికి పిల్ల రెండు చేతులతో గోక్కుంటూ కూర్చుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, మా అత్తగారి మిరపకాయ వైద్యం ఒక ఎత్తు. వైద్యం చేస్తున్నానని ఆవిడకీ తెలియదు. ఆవిడ మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తారు. ఒకరోజు పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, మనవరాలిని మెట్ల మీద ముందు కూర్చోబెట్టుకుని పేలు చూడటం మొదలుపెట్టారు. మిరప ఘాటు సబ్బుతో కడిగితే పోతుందని మా వైపు పసిపిల్లలు కూడా నమ్మరు. మా అత్తగారు నమ్మారు. గోకి గోకి పుండ్లు పడ్డ తల అది. పిల్ల వేసిన కేకకు వీధిలో వెళ్తున్న ఆటో ఆగింది. నేను పరిగెత్తుకొచ్చి కుండలో ఉన్న మజ్జిగంతా తల మీద పోశాను. పిల్ల ఏడుస్తోంది, మా అత్తగారు ఏడుస్తున్నారు, ఇంత జరిగినా పేలు నిమ్మకు నీరెత్తినట్టున్నాయి. మిరప నేల మీద పుట్టినవి, వాటికి ఘాటేమిటి.

పేలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న విచారణ కూడా సాగింది. మా అత్తగారి అనుమానం మొదట బస్సు సీటు మీదకు, తర్వాత బడి బెంచీ మీదకు, ఆ తర్వాత పక్కింటి మీదకు వెళ్లింది. ఆదివారం మేం వెళ్లే ప్రార్థన మందిరంలో పిల్లల మీదకు మాత్రం వెళ్లలేదు. అందరూ మంచి కుటుంబాల వాళ్లట. పేలు కుటుంబం చూసి ఎక్కుతాయని అప్పుడే తెలుసుకున్నాను.

పక్కింటావిడది పాపం చాలా మంచి మనసు. మంగళగిరి చీరలు మూటగట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముతుంది. అంతకుముందు ఏడాది వాళ్ల పాపకీ ఇలాగే పేలు పట్టాయి. వాళ్లు ఎవరికీ ఏమీ చెప్పలేదు, కుటుంబమంతా కొండకు వెళ్లి పిల్ల తలనీలాలు ఇచ్చి వచ్చారు. నున్నటి గుండు మీద గంధం పూసుకుని ఆ పాప వీధిలో తిరుగుతుంటే అందరూ ముద్దు చేశారు, ప్రసాదం కళ్లకద్దుకున్నారు. పేలు అన్న మాటే పుట్టలేదు. "మీరూ ఒక మొక్కు మొక్కుకోండి టీచర్ గారూ. దేవుడేమీ అనుకోడు" అంది నాతో గోడ మీద నుంచి. దేవుడు అనుకోడు, నిజమే. మేం క్రైస్తవులం. మా పిల్ల గుండుతో కనపడితే జ్వరమా, ఆపరేషనా అని ఊరంతా అడుగుతుంది. ఆ తర్వాత మా పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి, మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, ఎప్పటి నుంచమ్మా ఈ మొక్కులు అని అడుగుతారు. పేలున్నాయని చెప్పుకోవడమా, విశ్వాసం వదిలేశామనిపించుకోవడమా అన్నది తేల్చుకోవాలి.

ఇంతలో క్రిస్మస్ దగ్గర పడింది. మందిరంలో పిల్లల యాక్షన్ సాంగ్‌కి మా అమ్మాయి ముందు వరసలో ఉంది. శనివారం, ఆదివారం ప్రాక్టీసు. వెళ్లినప్పుడల్లా గోక్కుంటూ రావడం, నేను షాంపూతో రుద్దడం, మళ్లీ వెళ్లడం. నాకు ఓపిక పోయింది. వచ్చే సోమవారం పార్లర్‌కి తీసుకెళ్లి మెడ దాకా కోయించేస్తానని ఇంట్లో ప్రకటించాను. మా అత్తగారు ఆ పూట అన్నం మానేశారు. మా ఆయన ఇద్దరికీ నచ్చే మాట చెప్పాలని చూసి, ఏదీ దొరక్క టీవీ పెట్టుకున్నాడు. పిల్ల మాత్రం నా కొంగు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "వద్దమ్మా, ఇప్పుడు కోయించొద్దమ్మా" అంది. ఎంత ఏడ్చినా సోమవారం సోమవారమే అన్నాను.

ఇక మిగిలింది మా మావగారు. ఆయన కౌలుకు మిరప వేస్తారు. ఆ యేడు చేనుకు నల్ల తామర పురుగు పట్టింది. పూతలో దూరి రసం పీల్చేస్తుంటే, ఒక మందుకు చావకపోతే రెండు, రెంటికి చావకపోతే నాలుగు కలిపి కొడుతున్నారు. మా వైపు సేద్యం అంతే. పురుగు చావకపోవడం మందు తప్పుగానీ పద్ధతి తప్పని ఎవరూ అనుకోరు. కోడలు జుట్టు కోయిస్తానంటోంది, భార్య అన్నం తినడం లేదు, కాబట్టి ఇంటి పెద్దగా తనే పూనుకోవాలని ఆయన నిశ్చయించుకున్నారు. నేను బడి నుంచి వచ్చేసరికి వరండాలో మనవరాలిని స్టూలు మీద కూర్చోబెట్టి, జడలు విప్పించి, స్టీలు గిన్నెలో కొబ్బరినూనె పెట్టుకుని వేలితో కలుపుతున్నారు.

ఆ వాసన నాకు గుమ్మం బయటే తెలిసింది. మందు కొట్టి వచ్చిన రోజు ఆయన చొక్కాలో వచ్చే వాసన.

"ఏంటది మావయ్యా?"

"ఏం లేదమ్మాయ్. ఆ షాపులో ఇచ్చే షాంపూలకి ఇయ్యి అలవాటు పడిపొయ్యినయ్. మందు మార్చాల. రెండు చుక్కలేలే, నూనెలో కలిపా."

"చేనుకి కొట్టే మందా?"

"తాగితే కదా ప్రమాదం. తలకి రాస్తే ఏమయిద్ది?"

గిన్నె లాక్కుని దూరంగా పెట్టేశాను. పెద్దాయన ముందు గొంతెత్తి ఎరగని దాన్ని, వీధికి వినపడేలా అరిచాను. తల మీద పుండ్లున్నాయి మావయ్యా, అది ఒంట్లోకి పోతుంది, చస్తుంది నా కూతురు అన్నాను. మీకేమైందో మర్చిపోయారా అన్నాను. కిందటేడు మందు కొడుతూ చేలోనే వాంతులు చేసుకుని పడిపోతే ఆటోలో వేసుకుని పేట ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనూ మా ఆయనా. అప్పుడు ఆయన తాగలేదు, మందు ఒంటి మీద పడిందంతే. ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నారు. ఆ వేళ్లు సబ్బు పెట్టించి కడిగించాను, పిల్లను బాత్రూంలోకి లాక్కెళ్లి తలకు ఇంకా ఏమీ అంటలేదని వెతికి వెతికి చూసి, అయినా నీళ్లు పోశాను. పేలను తిట్టుకుంటూ నవ్వుకున్న రోజులన్నీ ఆ నిమిషంలో పోయాయి. సోమవారం దాకా కూడా ఆగకూడదు, ఈ జుట్టు ఉన్నంతకాలం ఈ ఇంట్లో ఎవరో ఒకరు ప్రేమగా ఈ పిల్లను చంపేస్తారు అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. మా మందిరంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలకు కాస్త సమయం ఇస్తారు. ఎవరికైనా దేవుడు మేలు చేస్తే లేచి చెప్పుకోవచ్చు. ఉద్యోగం వచ్చిందని, షుగరు తగ్గిందని, తప్పిపోయిన గేదె దొరికిందని చెప్తారు. ఎన్నో ఏళ్లుగా వింటున్నాను, ఎవరికీ ఆ ఆదివారం నాటికి కష్టం మిగిలి ఉండదు. ఉన్న కష్టాలన్నీ తీరాక, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి చెప్తారు. ఆ రోజు కూడా ఒకావిడ కొడుక్కి వీసా వచ్చిందని చెప్పి కూర్చుంది. తర్వాత ఎవరు అని అయ్యగారు చూస్తుంటే, పిల్లల వరసలో మా అమ్మాయి లేచి నిలబడింది.

"అందరికీ వందనాలు. నా తలలో పేలున్నాయి. చాలా మందులు పెట్టారు, పోలేదు. రేపు మా అమ్మ నా జుట్టు కోయిస్తానంది. కోయకుండా ప్రార్థన చెయ్యండి. వందనాలు."

సాక్ష్యం అయిపోగానే స్తోత్రం అనడం మాకు అలవాటు. సగం మంది అలవాటు కొద్దీ అనేశారు. మిగతా సగం నోళ్లు తెరిచి ఆపేశారు. మా అత్తగారు ముసుగు గడ్డం దాకా లాక్కున్నారు. నేను మగవాళ్ల వైపు చూస్తే మా ఆయన పైకప్పు కేసి చూస్తున్నాడు. పక్క ఊరి తల్లులందరికీ శుభ్రత బోధించే టీచరమ్మ ఎక్కడ కూర్చుందా అని తలలన్నీ తిరిగాయి. నా మొహం మండిపోయింది. పిల్లను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోదామని లేచాను కూడా.

అప్పుడు అదే వరసలో ఓ చిన్నపిల్ల, "అయ్యగారండీ, మా అక్కక్కూడా ఉన్నయ్యండీ" అంది. అక్క గిల్లింది, చిన్నది కెవ్వుమంది. వెనక నుంచి ఒక ముసలావిడ, "నా నెత్తిలోనూ ఉన్నయ్ నాయనా. కళ్లు కనపడవు, చూసిపెట్టే దిక్కు లేదు" అంది. ఇంకో ఇద్దరు తల్లులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, హార్మోనియం పక్క నుంచి మెల్లగా, "మా పాపకి కూడా... నెల నుంచి" అన్నారు. అయ్యగారు భార్య వైపు చూసిన చూపును బట్టి ఆ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసిందని అర్థమైంది. వీసా వచ్చినావిడ తప్ప అందరూ గోక్కోవడం మొదలుపెట్టారు. ఇన్నాళ్లూ ఎంత ఓర్చుకున్నారో పాపం.

నేను నిలబడే ఉన్నాను కాబట్టి గుమ్మం పక్కనున్న బుట్ట కనపడింది. ప్రార్థనకు ఆడవాళ్లు తల మీద ముసుగు వేసుకోవాలి. పిల్లలు చున్నీలు మర్చిపోయి వస్తారని, యాక్షన్ సాంగ్‌కి అందరూ తెల్లవే వేసుకోవాలని, అమ్మగారు ఒక బుట్ట నిండా తెల్ల చున్నీలు కుట్టించి పెట్టారు. వస్తూ ఒకటి తీసుకోవడం, వెళ్తూ అందులో పడేయడం. ఈ వారం ఒకరి తల మీది చున్నీ వచ్చే వారం ఇంకొకరి తల మీద. ప్రాక్టీసు రోజులు కూడా కలుపుకుంటే మా సంఘంలోని పేలన్నీ సంఘంలోని తలలన్నిటినీ దర్శించుకున్నాయి. ప్రతి తల్లీ ఎవరికీ తెలియకుండా తన పిల్లకు షాంపూ పెట్టుకుని, మళ్లీ ఆ బుట్ట దగ్గరికే పంపించింది. బస్సు సీటును, బడి బెంచీని, పక్కింటి పిల్లను ఊరికే ఆడిపోసుకున్నాం.

బుట్ట వైపు చెయ్యి చూపించి నాకు తోచింది గట్టిగానే చెప్పాను. పరువు ఎలాగూ పోయింది కాబట్టి గొంతు బాగా పలికింది. అందరూ ఇవాళే చేయాలి, ఒక్క ఇల్లు మిగిలినా మళ్లీ మొదటికే వస్తుంది అన్నాను. ఆరాధన ముగిశాక మందిరం వెనక పొయ్యి వెలిగించారు. ప్రేమవిందుకు అన్నం వండే పెద్ద డేగిసాలో చున్నీలన్నీ వేసి ఉడకబెట్టారు. పండక్కి ఇందులోనే కదా పలావు వండాలి అని ఒకాయన బాధపడ్డాడు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. మా ఆయన బండి మీద పేటకు వెళ్లి షాంపూలు, దువ్వెనలు తెచ్చాడు. మధ్యాహ్నానికల్లా మందిరం మెట్ల మీద ఒకరి వెనక ఒకరుగా కూర్చున్నారు, పిల్ల తల తల్లి చేతిలో, తల్లి తల అత్త చేతిలో. ముసలావిడ తల అమ్మగారి ఒళ్లో ఉంది. ఆ సంఘంలో అంతమంది ఒకరితో ఒకరు అంత నిజాయితీగా ఉన్న ఆదివారం నేను మళ్లీ చూడలేదు.

సోమవారం పార్లర్ మాట నేను ఎత్తలేదు. తర్వాతి వారం అందరూ మళ్లీ దువ్వుకున్నారు, ఎవరి చున్నీ వాళ్లే తెచ్చుకున్నారు. క్రిస్మస్‌కి మా అమ్మాయి ముందు వరసలో రెండు జడలు ఊపుకుంటూ పాడింది. మా అత్తగారు పాట వినలేదు, జడలే చూశారు.

పండగ వెళ్లిన తర్వాత ఒక సాయంత్రం వరండాలో తెల్ల కాగితం పరిచి పిల్ల తల దువ్వాం. ఒక్కటి కూడా రాలలేదు. మా అత్తగారు గెలిచిన మొహంతో నా వైపు తిరిగారు.

"చూశావా అమ్మాయ్? ఆనాడు నీ మాట వినుంటే ఈ బంగారంలాంటి జుట్టు ఏమయ్యేది?"

పిల్ల కాగితం మడిచి పక్కన పెట్టింది. "అమ్మా, ఇప్పుడు కోయించు" అంది.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. "ఏం కోయించాలే?"

"జుట్టు. పొట్టిగా. నాకు బరువుగా ఉంటది, జడలు లాగితే తలనొప్పొస్తది."

"మరి అంత ఏడ్చావేంటే? మందిరంలో అందరి ముందూ లేచి మరీ అడిగావు కదా!"

"అప్పుడు కోయిస్తే పేలొచ్చినయ్యని కోశారంటారు. ఇప్పుడు కోయిస్తే నేను కోయించుకున్నానంటారు."

కోయిస్తానని అంత గట్టిగా అరిచిన దాన్ని, ఇప్పుడు ఆ జడలు నా చేతిలో ఉంటే వదలబుద్ధి కాలేదు. నిజంగా బాధేసింది. పదకొండేళ్ల పిల్ల తల చుట్టూ ఇంతమందిమి ఇంత యుద్ధం చేశాం, నీకేం కావాలే అని ఒక్కరం అడగలేదు. మా అత్తగారి మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిడ చాలాసేపు దువ్వెన పళ్లలో ఇరుక్కున్న వెంట్రుకలు తీస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత మనవరాలి వెనక్కి జరిగి, రెండు జడలూ పక్కకు తప్పించి, మెడ కింద వేలు పెట్టారు.

"ఇక్కడి దాకానా?"

పిల్ల వెనక్కి చెయ్యి పోనిచ్చి, నాన్నమ్మ వేలు పట్టుకుని, ఇంకొంచెం పైకి జరిపింది.